నారోబోట్‌లో కాపురం: పడవకన్నా ముందు మూరింగ్ చూసుకోండి

మీరు అడిగింది ఇదీ: మీరూ మీవారూ ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు, అద్దె భారంగా ఉంది, గ్రాండ్ యూనియన్ కెనాల్ మీద ఒక నారోబోట్ (సన్నగా పొడుగ్గా ఉండే కాలువ పడవ) కొని, ఒకేచోట, అంటే ఒక మూరింగ్‌లో, కట్టేసుకుని అందులోనే ఉందామనుకుంటున్నారు. వీడియోల్లో అంతా బాగానే కనిపిస్తోంది కానీ రోజువారీ చాకిరీ ఎంత ఉంటుంది, ఉద్యోగం చేసుకుంటూ కుదురుతుందా, మన వంట సాగుతుందా అని మీ అనుమానం.

కుదురుతుంది. మేమిద్దరం కొన్నేళ్లుగా అదే కాలువ మీద, కాస్త పైకి నార్తాంప్టన్‌షైర్ వైపు, పడవలోనే ఉంటూ ఉద్యోగాలు చేసుకుంటున్నాం. ఇందులో ఏ పనీ కష్టమైనది కాదు, కానీ ఏ పనీ రేపటికి ఆగదు. ఇంట్లో అయితే నీళ్లు, కరెంటు, గ్యాస్ వాటంతటవే వస్తాయి, మురుగు దానంతటదే పోతుంది. పడవలో వచ్చేదాన్నీ మనమే తెచ్చుకోవాలి, పోయేదాన్నీ మనమే మోసుకెళ్లాలి. ఎంత దూరం మోయాలన్నది మాత్రం పడవ మీద కాదు, అది కట్టేసిన చోటు మీద ఆధారపడుతుంది. చాలామంది ముందు పడవ మీద మనసు పారేసుకుని, కొనేసి, ఆ తర్వాత చోటు వెతుక్కుంటారు. మీరు ఆ వరస తిరగేయండి.

చోటు చూడ్డానికి వెళ్లినప్పుడు నీటి కుళాయి మీ పడవ పక్కనే ఉందా, కరెంటు స్తంభం ఉందా, టాయిలెట్ ఖాళీ చేసే ఎల్సాన్ పాయింట్ ఎంత దూరం, కారు ఎక్కడ పెట్టాలి, కారు నుంచి పడవదాకా దారి సిమెంటుదా బురదా అని చూడండి. ఈ చివరిది చిన్న విషయంలా అనిపిస్తుంది. జనవరిలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడ్డాక, వానలో, ఇరవై కిలోల బొగ్గు బస్తా భుజాన వేసుకుని నడిచినప్పుడు చిన్నదిగా అనిపించదు. రెసిడెన్షియల్ మూరింగా, లీజర్ మూరింగా అన్నది రాతపూర్వకంగా అడగండి. లీజర్ మూరింగ్‌లో పడవ పెట్టుకోవచ్చు కానీ అదే ఇల్లుగా చేసుకుని ఏడాది పొడుగునా ఉండటానికి ఒప్పందం ఒప్పుకోదు. చూసీచూడనట్టు వదిలేసే చోట్లు ఉన్నాయని అందరూ చెబుతారు, అవి ఎప్పుడు కళ్లు తెరుస్తాయో ఎవరూ చెప్పలేరు. రెసిడెన్షియల్ చోట్లు తక్కువ, ఖరీదు ఎక్కువ, కౌన్సిల్ ట్యాక్స్ (ఇక్కడి ఇంటిపన్ను) కూడా పడొచ్చు. అద్దె మిగులుతుందన్న లెక్క ఈ ఖర్చులన్నీ కలిపాక మళ్లీ వేసుకోండి.

అసలు చోటే అక్కర్లేకుండా తిరుగుతూ ఉండొచ్చు కదా అంటారేమో. 1995 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం ప్రకారం సొంత మూరింగ్ లేనివాళ్లు ఒకచోట 14 రోజులకు మించి ఆగకూడదు, నిజంగానే ప్రయాణం చేస్తూ పోవాలి. అటూ ఇటూ రెండు వంతెనల మధ్య తిరుగుతామంటే 2012 నుంచి ఈ కాలువలు చూస్తున్న కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ ఒప్పుకోదు. 2024 ఏప్రిల్ నుంచి సొంత మూరింగ్ లేని పడవలకు లైసెన్సు ఫీజు మీద అదనపు రుసుము కూడా వేస్తున్నారు. ఇద్దరికీ ఆఫీసులు ఉన్నప్పుడు రెండు వారాలకోసారి ఊరు మారడం, కారు ఎక్కడో పాత పడవ చోట వదిలి మళ్లీ దాని కోసం నడిచి వెళ్లడం, ఇదంతా వేరే జీవితం. మీకు అది వద్దు.

పడవ గురించి రెండే మాటలు. వెడల్పు సుమారు 6 అడుగుల 10 అంగుళాలు, ఎందుకంటే పాత లాకుల వెడల్పు 7 అడుగులు. పొడవు 57 అడుగులైతే దాదాపు అన్ని కాలువల్లోనూ పడుతుందని అందరూ అదే అడుగుతారు. కదలకుండా ఒకేచోట ఉండేవాళ్లకు ఆ కొలత మీద అంత పట్టింపు అక్కర్లేదు, చోటు పట్టినంత పొడుగు తీసుకోండి. ఆ వెడల్పులో గోడలు, ఇన్సులేషన్ పోను లోపల మిగిలేది ఆరడుగులే. ఒకరు వంట చేస్తుంటే రెండోవాళ్లు వెనక నుంచి దాటాలంటే సర్దుకుని పక్కకు తిరగాలి. మొదటి నెల ఇది సరదాగా ఉంటుంది.

ఇక నీళ్లు. ట్యాంకు ముందు భాగంలో, ముక్కు కింద ఉంటుంది. పడవను బట్టి మూడు వందల లీటర్ల నుంచి ఏడు వందల దాకా. ఇంగ్లండ్‌లో మామూలు ఇళ్లలో మనిషికి రోజుకు సుమారు 140 లీటర్లు వాడతారని లెక్క. అలా వాడితే ఇద్దరికి నాలుగు వందల లీటర్ల ట్యాంకు రెండో రోజే అడుగంటుతుంది. పడవ అలవాటైన ఇద్దరు దానితోనే వారం గడిపేస్తారు. నీళ్ల కరువు చూసిన ఊళ్లలో పెరిగినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు: గిన్నెలు ముందు తుడిచి తర్వాత కడగడం, ఒళ్లు రుద్దుకునేటప్పుడు షవర్ కట్టేయడం, బియ్యం కడిగిన నీళ్లు మొక్కలకు పోయడం. చాలా పడవల్లో ట్యాంకులో ఎంత ఉందో చూపే మీటరు ఉండదు, ఉన్నా నమ్మలేం. మీకు తెలిసిపోయేది వేరే విధంగా. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ముక్కు కిందికి వంగి ఉంటుంది, ఖాళీ అవుతున్నకొద్దీ పైకి లేస్తుంది. మా షవర్ తొట్టిలో నీళ్లు ఒక మూలకు చేరి కన్నంలోకి పోకుండా నిలబడ్డాయంటే ట్యాంకు సగం దాటిందని అర్థం. బకెట్లు, బస్తాలు, పుస్తకాలు అన్నీ ఒకే పక్క సర్దితే పడవ ఆ పక్కకు ఒరుగుతుంది కూడా. పెనం మీద దోశపిండి ఎటు జారుతోందో చూస్తే చాలు.

నీళ్లు పట్టేందుకు తాగునీటికి పనికొచ్చే రకం పైపే కొనండి, తోటకు వాడే పైపు వద్దు. మూత తీసి పైపు పెట్టేముందు కుళాయి ఒక నిమిషం ఊరికే వదలండి. మీకన్నా ముందు ఎవరో అదే కుళాయి దగ్గర ఏం కడిగారో తెలీదు. పైపు కొస ఎప్పుడూ నేల మీద పడేయకూడదు. చలికాలంలో వాడాక పైపులో నీళ్లు పూర్తిగా వంపేయాలి, లేకపోతే మర్నాటికి అది కర్రలా బిగుసుకుంటుంది. గడ్డ కట్టే చలి వస్తుందని సూచన కనిపిస్తే ముందురోజే ట్యాంకు నింపుకోండి, ఎందుకంటే ఆగిపోయేది మొదట బయటి కుళాయే. పడవ వదిలి ఊరెళ్తుంటే లోపలి పైపుల్లో నీళ్లు దించేసి, పంపు కట్టేసి, కుళాయిలు తెరిచి వెళ్లాలి. డిసెంబరులో ఇండియా వెళ్లేవాళ్లం కదా మనం, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఎవరూ వీడియోలో సరిగా చూపించని విషయం, టాయిలెట్. మూడు రకాలు ఉంటాయి. ఒకటి పంప్-అవుట్: మంచం కిందో మరెక్కడో పెద్ద ట్యాంకు ఉంటుంది, నిండాక డబ్బు కట్టి యంత్రంతో లాగించాలి. సౌకర్యమే, కానీ కదలని పడవకు ఆ యంత్రం దగ్గరికి వెళ్లడమే సమస్య. కాలువ గడ్డ కట్టిన వారంలో ట్యాంకు నిండితే పడవ కదలదు. రెండోది కాసెట్: ఇరవై లీటర్లు పట్టే పెట్టె, నిండితే లాగి తీసి, సూట్‌కేసులా చక్రాల మీద ఎల్సాన్ పాయింట్‌కు తీసుకెళ్లి పారబోసి, కడిగి, కొంచెం నీళ్లూ మందూ పోసి మళ్లీ బిగించాలి. ఇద్దరికి మూడు రోజులు వస్తే గొప్ప. మూడోది సెపరేటింగ్ టాయిలెట్, దీన్నే కంపోస్టింగ్ టాయిలెట్ అని అమ్ముతారు. ఘనం, ద్రవం వేరువేరు గిన్నెల్లో పడతాయి, పొడిగా ఉన్నంతకాలం వాసన రాదు. ఇక్కడివాళ్లలో దీని భక్తులు చాలామంది.

మన సంగతి వేరు. మనం నీళ్లు వాడతాం. సెపరేటింగ్ టాయిలెట్ పని చేసేదే పొడిదనం మీద. అందులో చెంబెడు నీళ్లు పోశారంటే అంతా కలిసిపోయి ఆ రోజే ఇల్లు భరించలేని వాసన. పైగా అందులో పోగైనదాన్ని సంచిలో కట్టి ట్రస్ట్ చెత్తకుండీల్లో వేయడం ఇప్పుడు కుదరదు, సొంతంగా కంపోస్టు చేసుకోవడానికి జాగా ఉండాలి. కాసెట్‌లో నీళ్లు పోయొచ్చు కానీ ఆ నీళ్లు కూడా ఇరవై లీటర్లలో భాగమే, మూడు రోజులది ఒకటిన్నర రోజు అవుతుంది. మేం చేసేది ఇదీ: చిన్న చేతి స్ప్రే సీసా, మగ్గు కాదు. పావులీటరు కూడా పట్టదు. కాసెట్లు రెండు పెట్టుకోండి, ఒకటి నిండినా కంగారుండదు. నిండేదాకా ఆగకండి, నిండుది ఇరవై కిలోల పైమాటే. ఎల్సాన్ పాయింట్‌కు చేతి తొడుగులతో వెళ్లండి, మధ్యలో గాలి పోయే బటన్ నొక్కి పట్టుకుని నెమ్మదిగా వంపండి, లేకపోతే గబుక్కున చిమ్ముతుంది. అక్కడి గది తలుపుకు వాటర్‌మేట్ తాళంచెవి కావాలి, కొన్న మొదటి వారంలోనే రెండు తెచ్చుకోండి. మొదటిసారి కడుపులో తిప్పుతుంది. రెండో నెలకు చెత్తబుట్ట తీసుకెళ్లినంత మామూలైపోతుంది, నిజం.

కరెంటు విషయంలో మీ అదృష్టం మూరింగ్ స్తంభం మీద ఉంది. షోర్‌లైన్, అంటే స్తంభం నుంచి పడవకు వేసే కరెంటు తీగ, 16 ఆంపియర్లదైతే సుమారు మూడువేల ఆరువందల వాట్లు. కెటిల్ ఒక్కటే మూడువేలు తింటుంది. కెటిల్, ఇండక్షన్ ఒకేసారి వేస్తే స్తంభం దగ్గర ట్రిప్ అవుతుంది, స్వెట్టర్ వేసుకుని బయటికెళ్లి స్విచ్ లేపాలి. కొన్నిచోట్ల ఇంకా తక్కువ ఆంపియర్లు ఇస్తారు, తప్పక అడగండి. స్తంభం లేని చోటైతే అంతా సోలార్ ప్యానెళ్లు, బ్యాటరీలు, ఇంజన్. వేసవిలో సోలార్ దర్జాగా నడుపుతుంది, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పేరుకే ఉంటుంది. అప్పుడు ఇంజన్ నడిపి ఛార్జి చేయాలి, అదీ రాత్రి 8 నుంచి ఉదయం 8 లోపు నడపకూడదని నియమం. ఉద్యోగస్తులు ఇంట్లో ఉండేది సరిగ్గా ఆ వేళల్లోనే కదా. మామూలు లెడ్ బ్యాటరీలను సగానికన్నా కిందికి దించుతూ పోతే ఏడాది తిరక్కుండా చచ్చిపోతాయి. అందుకే మీలాంటివాళ్లకు స్తంభం ఉన్న చోటే చెబుతాను, ఖరీదు కాస్త ఎక్కువైనా.

మిక్సీ గురించి ప్రత్యేకంగా అడిగారు. స్తంభం ఉంటే ఏ ఇబ్బందీ లేదు. బ్యాటరీల మీదైతే 750 వాట్ల మిక్సీ తిరిగినంతసేపూ 12 వోల్టుల బ్యాటరీ నుంచి డెబ్బై ఆంపియర్ల దాకా లాగుతుంది. రెండు నిమిషాల పచ్చడికి పర్వాలేదు, ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ పదిహేనువందల వాట్లకు తగ్గకుండా ఉండాలి. ఇడ్లీపిండికి వెట్ గ్రైండర్ అరగంట తిప్పాలంటే మాత్రం ఎండ ఉన్న మధ్యాహ్నం చూసుకోవాలి. ఇంకొకటి, షోర్‌లైన్ పెట్టుకునే ప్రతి పడవకూ గాల్వానిక్ ఐసోలేటర్ ఉండాలి. అది లేకపోతే ఎర్త్ తీగ ద్వారా మీ పడవా పక్క పడవలూ అన్నీ ఒకటవుతాయి, నీళ్లలో ఉన్న మీ ఇనుము మెల్లగా తినేసుకుపోతుంది. కొనేటప్పుడు ఉందో లేదో చూడండి, మాటమీద నమ్మకండి.

చలికాలంలో మీ రోజంతా స్టవ్ చుట్టూ తిరుగుతుంది. కొందరు డీజిల్ హీటర్ పెట్టుకుంటారు, ఉండటం మంచిదే, ఉదయం లేవగానే గబగబా వేడెక్కిస్తుంది. కానీ ఆ చప్పుడు, ఆ డీజిల్ ఖర్చు, ఆ బ్యాటరీ వాడకం కన్నా చిన్న ఇనప పొయ్యి ఇచ్చే పొడి వేడే పడవకు మంచిది. అందులో వేసేది స్మోక్‌లెస్ బ్రికెట్లు, అంటే పొగ తక్కువ వచ్చే అచ్చుబొగ్గు ముక్కలు. ఇళ్లలో వాడే పాతకాలం బొగ్గు అమ్మకం ఇంగ్లండ్‌లో ఇప్పుడు లేదు. చలి గట్టిగా ఉన్నప్పుడు వారానికి రెండు బస్తాలు అటూ ఇటుగా అవుతుంది. కర్రలైతే బాగా ఆరినవే వేయండి. పచ్చికర్ర వేస్తే వేడి రాదు సరికదా గొట్టం లోపల తారు పేరుకుంటుంది.

రాత్రి పడుకునేముందు పొయ్యి నింపి, కింది గాలి తలుపు సన్నగా తెరిచి వదిలేయాలి. ఎంత సన్నగా అన్నది మీ పొయ్యి, మీ గొట్టం, ఆ రోజు గాలి చెబుతాయి. ఎక్కువ తెరిస్తే తెల్లారి మూడింటికే కాలిపోయి ఆరింటికి ముక్కు చల్లబడి లేస్తారు, మరీ మూస్తే ఆరిపోతుంది. ఉదయం చేయాల్సింది: జాలీ కదిపే కడ్డీతో రెండుసార్లు అటూ ఇటూ ఆడిస్తే బూడిద కింద పడుతుంది, ఎర్రటి నిప్పులు మిగులుతాయి. కింది తలుపు తెరిచి వాటి మీద పిడికెడు పుల్లలు, అవి అంటుకున్నాక పైన నాలుగు బ్రికెట్లు. టీ మరిగేలోపు పొయ్యి పట్టుకుంటుంది. బూడిద పళ్లెం పొంగే దాకా వదిలేస్తే కింద నుంచి గాలి ఆడక జాలీయే కాలి వంగిపోతుంది. తీసిన బూడిద మూత ఉన్న ఇనప డబ్బాలో వేసి బయట, ముందు డెక్ మీద పెట్టాలి. చల్లారినట్టు కనిపించే బూడిదలో కూడా నిప్పు ఉంటుంది, దాన్నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. లోపల పెట్టుకుని పడుకోవడం ప్రాణాలమీదికి తెచ్చుకోవడమే. పొయ్యి అద్దం మసి పడితే తడి కాగితాన్ని అదే బూడిదలో అద్ది రుద్దండి, ఏ లిక్విడూ అక్కర్లేదు.

కార్బన్ మోనాక్సైడ్ గురించి భయపెట్టడం నా ఉద్దేశం కాదు కానీ ఇక్కడ కొంచెం భయం ఉండాలి. 2019 ఏప్రిల్ నుంచి ఇలాంటి పడవల్లో ఆ అలారం తప్పనిసరి. తలుపుల కింద, పైకప్పు మీద ఉండే గాలి రంధ్రాల నుంచి చల్లగాలి కొడుతోందని కొత్తవాళ్లు గుడ్డలు కుక్కుతారు. అవి కుక్కడానికి పెట్టినవి కావు. పక్కన ఎవరిదో ఇంజన్ నడుస్తున్నా ఆ పొగ మీ కిటికీలోంచి రావచ్చు, అలారం మోగితే బ్యాటరీ పాడైందని తీసేయకుండా బయటికి రండి.

మన వంట సాగుతుందా అంటే, భేషుగ్గా సాగుతుంది, కానీ పడవ మీ వంటను మూడు రోజులు గుర్తుపెట్టుకుంటుంది. ఎండుమిర్చి పోపు వేస్తే ఆ ఘాటు పోవడానికి చోటు లేదు, పడుకునే గదిలో దుప్పటికి కూడా పడుతుంది. మేం పోపు వేసేటప్పుడు పక్క తలుపు బార్లా తెరిచి, గిన్నె మీద మూత పెట్టి వేస్తాం. గ్యాస్ మీద వండితే ఆవిరి అంతా లోపలే తిరిగి కిటికీ ఇనుము మీద నీళ్లై కారుతుంది. అన్నం, పప్పు మూత తీసి ఉడికించకండి, ప్రెషర్ కుక్కర్ ఇక్కడ గ్యాసునే కాదు, గోడల్ని కూడా కాపాడుతుంది. చలికాలం ఉదయం మొదటి పని కిటికీలు గుడ్డతో తుడిచి పిండడం. ఆ పని మానేస్తే నెల తిరిగేసరికి పరుపు కింద బూజు. పరుపు కింద గాలి ఆడే చెక్కపట్టీలు వేయించండి, బట్టల అల్మరాలు మరీ కిక్కిరిసి నింపకండి. ఇడ్లీపిండి మాత్రం పొయ్యి పక్కన పెడితే రాత్రికి రాత్రి పొంగుతుంది, మిల్టన్ కీన్స్ ఫ్లాట్‌లో కన్నా బాగా.

గ్యాస్ సిలిండర్లు 13 కిలోల ప్రొపేన్‌వి తీసుకోండి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర గ్యాసుగా మారడం మానేస్తుంది, సరిగ్గా మీకు వేడి టీ కావలసిన రోజునే పొయ్యి వెలగదు. ఎప్పుడూ రెండు ఉంచుకోండి. గ్యాసు గాలికన్నా బరువు, లీకైతే కిందికి దిగి పడవ అడుగున చేరుతుంది. అందుకే సిలిండర్లు ముందు వైపు వేరే గూటిలో, బయటికి కన్నం ఉండేలా పెడతారు. ఆ కన్నానికి సంచులూ తాళ్లూ అడ్డం పడకుండా చూడండి.

సింకులో నీళ్లు, షవర్ నీళ్లు నేరుగా కాలువలోకే పోతాయి. మీ కిటికీ కిందే బాతులు తిరుగుతుంటాయి. గారెలు వేయించిన నూనె, చింతపండు పిప్పి, పులుసు గిన్నె అడుగు జిడ్డు ఏవీ సింకులో పోయకండి. కాగితంతో తుడిచి చెత్తలో వేసి తర్వాత కడగండి. కాలువకు మంచిది, మీ సన్నపాటి పైపుకు ఇంకా మంచిది. ఆ బాతులు వేసవిలో తెల్లవారుజామున పడవ పక్కల పట్టిన నాచు పొడుచుకు తింటాయి. మీ తల ఉండేది ఆరు మిల్లీమీటర్ల ఇనప రేకుకు అవతలే, ఎవరో తలుపు కొడుతున్నారనుకుంటారు. బియ్యం బస్తా మెట్ల కింద పడుతుంది, పప్పులు గాలి చొరని డబ్బాల్లో ఉంచండి, చెమ్మకు పురుగు కన్నా ముక్కవాసన ముందు పడుతుంది.

బట్టలు ఉతకడం పెద్ద పనిగా చేసుకోకండి. స్తంభం, కుళాయి రెండూ ఉంటే చిన్న వాషింగ్ మెషీన్ నడుస్తుంది, కానీ ఒక్కో లోడు నలభై యాభై లీటర్లు తాగుతుంది. ఆరబెట్టడానికి చలికాలంలో చోటుండదు, లోపల ఆరేస్తే ఆ తడంతా కిటికీల మీదికొస్తుంది. వారానికోసారి లాండ్రెట్‌లో వేసి పొడిగా తెచ్చుకోవడమే మేలు.

ఇక పడవ తనకోసం అడిగే పనులు. వెనక వైపు, ఇంజన్ కింద బిల్జ్ అనే గుంట ఉంటుంది, వారానికోసారి టార్చి వేసి చూడండి. కాస్త నీళ్లుంటే పంపు తోడేస్తుంది, రోజూ ఉంటే ఎక్కడి నుంచో వెతకాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటికి పోయేచోట గ్రీజు పెట్టే మర ఉంటుంది, పడవ నడిపిన ప్రతిసారీ చివర్లో అది బిగుసుకునేదాకా తిప్పాలి. వీడ్ హ్యాచ్ అనే మూత తీస్తే ప్రొపెల్లర్ చేతికి అందుతుంది, చుట్టుకున్న సంచులు, చీరముక్కలు కూడా దొరుకుతాయి అందులో. పని అయ్యాక దాన్ని సరిగా బిగించకుండా ఇంజన్ వేస్తే నీళ్లు లోపలికి వస్తాయి, పడవలు మునిగే దారుల్లో అదొకటి. కట్టేసిన పడవే కదా అని ఇంజన్‌ను మరిచిపోవద్దు. ఊరికే నిలబెట్టి ఐడిల్‌లో నడిపే కన్నా నెలకోసారి విప్పి ఒక మధ్యాహ్నం అలా తిరిగి రండి, ఇంజన్‌కూ మంచిది, మీకూ మంచిది. డీజిల్ ట్యాంకు చలికాలానికి ముందు నిండుగా ఉంచండి, ఖాళీ ట్యాంకులో చెమ్మ చేరి డీజిల్‌లో పాచిలాంటిది పెరుగుతుంది. డీజిల్ కొనేటప్పుడు ప్రయాణానికెంత, ఇంటికెంత అని అడుగుతారు, సుంకం తేడా ఉంటుంది. 60కి 40 అని చెప్పడం వాడుక. ఒకేచోట ఉండి హీటరుకే వాడేవాళ్లు నిజంగా ఎంతో అదే చెప్పొచ్చు.

తాళ్లు ముందూ వెనకా కట్టండి, ఏటవాలుగా. నడిమి తాడు పైకప్పుకు కట్టి ఉంటుంది, దాన్ని బిగించి వదిలేస్తే పక్కనుంచి పడవ పోయినప్పుడు మీ పడవ ఒరిగి కప్పులు కింద పడతాయి. కాలువలో వేగం గంటకు 4 మైళ్లు మించకూడదు, కట్టేసిన పడవల పక్కన ఇంకా నెమ్మదిగా పోవాలి. సెలవులకు అద్దె పడవలు నడిపేవాళ్లు అదంతా చూడరు, వాళ్లతో గొడవ పడి ఉపయోగం లేదు, తాళ్లు సరిగా ఉంటే చాలు. ఎవరో లాక్ తలుపులో నీళ్లు వదిలే పాడిల్ తెరిచి వదిలేస్తే రాత్రికి రాత్రి నీటిమట్టం దిగిపోతుంది. అప్పుడు మరీ బిగుతుగా ఉన్న తాడు పడవను ఒక పక్కకు వేలాడదీస్తుంది. నిద్రలో దొర్లి గోడకు తగిలారంటే లేచి తాడు వదులు చేయండి. మీరు చూస్తున్నది నెన్ నది మీదైతే ఇది వేరే లెక్క, అక్కడ వానలకు నీరు అడుగులకు అడుగులు పెరుగుతుంది. మొదటిసారి కొనేవాళ్లకు కాలువే మంచిది.

రెండు మూడేళ్లకోసారి పడవను నీళ్లలోంచి తీసి, అడుగు కడిగి, తారులాంటి నల్లరంగు వేయించాలి, దీన్నే బ్లాకింగ్ అంటారు. తుప్పును తమ మీదికి తీసుకునే మెగ్నీషియం దిమ్మలు అప్పుడే మారుస్తారు. ఆ రోజుల్లో మీరు ఎక్కడుంటారో, సెలవు ఎలా పెట్టుకుంటారో ముందే చూసుకోండి. కొన్ని డ్రై డాక్‌లలో పడవలోనే ఉండనిస్తారు. పడవ భద్రత సర్టిఫికెట్ నాలుగేళ్లకోసారి, భీమా, లైసెన్సు ఏటా. ఇవి లేకుండా మూరింగ్ ఇవ్వరు. డాక్టరు దగ్గర నమోదుకు చిరునామా రుజువు అడగకూడదు, ఆ విషయంలో టెన్షన్ పడొద్దు. బ్యాంకు, కార్డుల ఉత్తరాలకు మాత్రం మూరింగ్‌లో పోస్టల్ చిరునామా ఉందో లేదో ముందే తేల్చుకోండి. బ్యాంకులు ఇంటికిచ్చినట్టు దీనికి మోర్ట్‌గేజ్ ఇవ్వవు అని మీకు తెలిసే ఉంటుంది.

చలికాలంలో నవంబరు నుంచి మార్చి దాకా అక్కడక్కడా లాకులు మూసి మరమ్మతులు చేస్తారు, మన గోదావరి జిల్లాల్లో ఎండాకాలం కాలువలు కట్టేసినట్టు. ఎక్కడెక్కడ మూస్తారో ముందే చెబుతారు, బ్లాకింగ్ తేదీ పెట్టుకునేముందు అది చూసుకోవాలి. గడ్డ కట్టే చలి ఏటా కొన్ని రోజులే. 1962-63 చలికాలంలో మాత్రం కాలువలు నెలల తరబడి గడ్డ కట్టుకుపోయాయి. సరుకు మోసే పడవలు కదల్లేకపోయాయి, అప్పటికే లారీల దెబ్బకు చితికి ఉన్న ఆ వ్యాపారం మళ్లీ కోలుకోలేదు. అప్పట్లో అదే ఆరడుగుల వెడల్పులో, వెనక చివర పది అడుగుల గదిలో పిల్లాపాపలతో సంసారాలు నడిచేవి, మిగతా పొడుగంతా బొగ్గే. మనకిప్పుడు మొత్తం పడవ ఇల్లే, ఇరుకంటూ గొణగడానికి కాస్త సిగ్గుగా ఉంటుంది.

మనుషుల సంగతి చెప్పలేదు. ఈ జీవితంలో నాకు నచ్చేది అదే. బొగ్గు, డీజిల్, గ్యాసు అమ్ముకుంటూ ఫ్యూయల్ బోట్లు తిరుగుతాయి, మీ చోటు దాకా వస్తాయంటే ఆ బస్తాల మోత తప్పుతుంది. వాళ్లు ఏ వారం వస్తారో కనుక్కుని పెట్టుకోండి. పక్క పడవవాళ్లు మీ తాడు వదులైతే అడక్కుండానే కట్టేస్తారు, మీరు ఊరెళ్తే పొయ్యి గొట్టం చూస్తారు. బదులుగా మీరు వాళ్ల పార్సిల్ తీసి ఉంచుతారు. బిర్యానీ చేసిన రోజు ఎలాగూ వాసనకే వస్తారనుకోండి.

అమ్మానాన్నలు వస్తే ఎక్కడ పడుకుంటారని మీరు అడగలేదు, కానీ అడగాలి. వెనక మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులవాళ్లకు రోజుకు పదిసార్లు దిగి ఎక్కడం కష్టం. మూడు నెలలు ఉండటానికి వచ్చేవాళ్లకు దగ్గర్లో గది అద్దెకు తీసుకోవడమే మర్యాద. పిల్లలు పుడితే ఏమిటన్నది కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. పిల్లలతో ఉండేవాళ్లు ఉన్నారు, డెక్ మీదికి వస్తే లైఫ్ జాకెట్ తప్పదు. కాలువ లోతు నాలుగడుగులే కదా అని ధీమా వద్దు, జనవరి చలినీళ్లలో పడితే పెద్దవాళ్లకే ఊపిరి ఆడదు. పక్కలన ఉండే సన్నటి అంచు (గన్నెల్) మీద తడి ఉన్నప్పుడు నడవకండి, లోపలి నుంచే అటు చివరికి పోవచ్చు. కాలువ నీళ్లు తగిలిన చేతులు తిండి ముందు సబ్బుతో కడగాలి, ఎలుకల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు క్రిములు ఆ నీళ్లలో ఉండొచ్చు. తాళాలకు కార్కు బంతి కట్టండి. పడిపోయిన వస్తువులకు తాడుతో అయస్కాంతం అందరూ ఉంచుకుంటారు కానీ ఇత్తడి తాళంచెవికి అది అంటుకోదు.

ఇప్పుడు చేయాల్సింది. ముందు మూడు నాలుగు మూరింగ్‌లు వాన పడుతున్న రోజున, సాయంత్రం పూట వెళ్లి చూడండి, అక్కడ ఉండేవాళ్లను ఎల్సాన్ ఎంత దూరం, ఏ నెలలో కుళాయి ఆగుతుంది అని అడగండి. యజమాని చెప్పని సంగతులు వాళ్లు చెబుతారు. కొన్ని సంస్థలు చలికాలంలో కూడా పడవలు అద్దెకిస్తాయి. నవంబరులో ఒక వారం తీసుకుని, సెలవు పెట్టకుండా, దాన్నుంచే ఆఫీసుకు వెళ్లి రండి, వంట చేసుకోండి, కాసెట్ మీరే ఖాళీ చేయండి. అప్పటికీ ఇష్టమే అయితే పడవలు చూడండి. నచ్చిన పడవకు బయానా ఇచ్చేముందు దాన్ని నీళ్లలోంచి తీయించి, మీ తరఫున మీరే పెట్టుకున్న సర్వేయర్‌తో ఇనుము మందం కొలిపించండి. అమ్మేవాళ్లు పాత రిపోర్టు చూపిస్తారు, అది మూడేళ్ల కిందటిదైతే పక్కన పెట్టండి. అడుగు రేకు నాలుగు మిల్లీమీటర్ల కన్నా పలచబడితే చాలా భీమా సంస్థలు పూర్తి భీమా ఇవ్వవు, భీమా లేకపోతే మీరు కష్టపడి వెతికిన ఆ మూరింగ్‌లో చోటూ ఉండదు.